గాజుకంటి చేపకు పూసల గాలం

ఉత్తర అమెరికా సరస్సుల వెంట, సుదీర్ఘమైన శీతకాలపు రాత్రులలో ఒక చిన్న కుటీర పరిశ్రమ సాగుతూ ఉంటుంది. అక్కడ తయారయ్యే వస్తువు ఖరీదు స్వల్పం. అది నేర్పే పాఠం మాత్రం చిన్నది కాదు.

జనవరి నెలలో అమెరికా ఉత్తరపుటంచున ఉన్న మినెసోటా రాష్ట్రంలో సరస్సులు గడ్డకట్టి ఉంటాయి. మంచు దళసరిగా పేరుకున్న చోట మనుషులు కార్లు సైతం నడుపుతారు. ఆ మంచులోనే రంధ్రం తొలిచి గాలం వేసే పట్టుదలగల వారు కొందరు లేకపోలేదు. కాని చాలామంది పడవలు టార్పాలిన్ల కింద వేసవి కోసం ఎదురు చూస్తూ ఉంటాయి. అలాంటి రాత్రులలో ఎన్నో ఇళ్ళ వంటగది బల్లల మీద ఒక ముచ్చటైన దృశ్యం కనిపిస్తుంది. దీపం కింద పళ్ళెంలో ఎరుపు, ఆకుపచ్చ, నారింజ, పసుపు రంగుల పూసలు. పక్కనే నాణెమంత లోహపు రేకులు. సన్నని నైలాన్ దారపు ఉండ. కళ్ళజోడు ముక్కు కొసకు జార్చుకున్న ఒక పెద్దాయన పూసలను ఒక్కొక్కటిగా దారానికి ఎక్కిస్తుంటాడు. పక్కన కూర్చున్న మనుమరాలు రంగులు ఏరి అందిస్తుంటుంది. కొత్తవారు చూస్తే ఎవరి పెళ్ళికో నల్లపూసలు గుచ్చుతున్నారని అనుకోవచ్చు.

నిజానికి అక్కడ తయారవుతున్నది మెడలో వేసుకొనే దండ కాదు. ఒక వానపామును అలంకరించి చేప ముందు ఊరేగించడానికి కావలసిన సరంజామా. గుర్రాన్ని బండికి పూన్చే తోలు పట్టెడల సామగ్రికి ఇంగ్లీషులో ఏ పేరున్నదో, దీనికీ అదే పేరు పెట్టారు: హార్నెస్. వానపామును దారానికి పూన్చేది గనుక ఆ పేరు దీనికి చక్కగా అమరింది.

బజారులో ఇవి తయారుగా దొరకవా అంటే, రంగురంగుల అట్టలకు గుచ్చి ఎన్నైనా అమ్ముతారు. అయినా లెక్కలేనంత మంది వీటిని ఇంట్లోనే కట్టుకొంటారు. రాళ్ళకూ మునిగిన మొద్దులకూ తగులుకొని రోజుకు మూడు నాలుగు తెగిపోయే వస్తువు కనుక, స్వయంగా చేసుకొంటే ఖర్చు కలిసివస్తుంది. కాని అసలు కారణం అది కాదు. ప్రతి సరస్సుకూ దాని లోతు, దాని రంగు, దాని స్వభావం ఉంటాయి. దుకాణంలో అమ్మే వస్తువు అన్ని సరస్సులకూ ఒకటే. చేతితో కట్టుకొన్నది తమ ఊరి సరస్సుకు కొలతలిచ్చి కుట్టించుకొన్న చొక్కా వంటిది.

చీకటిలో చూసే చేప

ఇంత ముస్తాబు ఎవరి కోసం? వాలై అనే చేప కోసం. పేరు వినగానే మన వాలుగ గుర్తుకు రావచ్చు గాని, రెండింటికీ చుట్టరికం లేదు. వాలుగ మీసాల చేప. వాలై పెర్చ్ అనే మంచినీటి చేపల కుటుంబానికి చెందినది. ఐరోపా నదులలో కనిపించే జాండర్ దీనికి దగ్గర బంధువు. కెనడాలోనూ, అమెరికా ఉత్తర రాష్ట్రాలలోనూ సరస్సుల రాజుగా దీనికి పేరు. మినెసోటా 1965లో దీనిని తన రాష్ట్ర మత్స్యంగా ప్రకటించుకొన్నది. తెల్లని, ముళ్ళు తక్కువైన, ఘాటు వాసన లేని మాంసం కావడంతో భోజనప్రియులు దీనిని మెచ్చుకొంటారు. అక్కడి ఆదివాసులైన ఒజిబ్వే ప్రజలు దీనిని ‘ఓగా’ అంటారు. తెల్లవారు ఆ నేల మీద అడుగు పెట్టడానికి ఎన్నో తరాల ముందునుంచీ ఈ చేప వారి ఆహారంలో భాగం.

వాలై ప్రత్యేకత అంతా దాని కళ్ళలో ఉన్నది. రాత్రివేళ దీపం వెలుగు పడినపుడు పిల్లి కళ్ళు ఎలా మెరుస్తాయో, దీని కళ్ళు కూడా అలా పాలిపోయిన గాజుగోళాలలాగ మెరుస్తాయి. కంటిలోని నేత్రపటలం వెనుక అద్దం వంటి పొర ఒకటి ఉండి, లోపలికి వచ్చిన వెలుగును తిరిగి నేత్రపటలం మీదికే పంపుతుంది. అందువలన మిగిలిన చేపలకు ఏమీ కనిపించని మసక వెలుగులో వాలై స్పష్టంగా చూడగలదు. అది తినే చిన్న చేపలకు ఆ శక్తి లేదు. వేటగాడికి కనిపించి, వేటకు కనిపించని ఆ సంధ్యాసమయమే వాలైకి భోజనవేళ.

అదే కన్ను పట్టపగలు దానికి భారమవుతుంది. ఎండ తీక్షణంగా ఉన్నపుడు వాలై లోతులకు దిగిపోతుంది. గాలి వీచి సరస్సు మీద అలలు లేచినపుడు నీటిలోకి దిగే వెలుగు చెదిరిపోయి, పగటిపూట కూడా అది మేతకు వస్తుంది. ఇతరులు పడవ ఒడ్డుకు తిప్పుకొనే గాలిని వాలై జాలరులు వరంగా భావించడానికి కారణం ఇదే. ఈ చేప ఎరుపు, నారింజ, ఆకుపచ్చ ఛాయలను బాగా గుర్తిస్తుందని శాస్త్రజ్ఞులు గమనించారు. వంటగది బల్ల మీద పళ్ళెంలో ఆ రంగుల పూసలే ఎక్కువగా ఉండటం కేవలం అందం కోసం కాదు.

కన్ను ఒక్కటే కాదు. చాలా చేపలకున్నట్లే వాలైకి కూడా శరీరం రెండు పక్కలా తల నుంచి తోక వరకు సాగే ఒక సున్నితమైన రేఖ ఉంటుంది. నీటిలోని అతి చిన్న ప్రకంపనాన్ని కూడా అది పసిగడుతుంది. కంటికి కనిపించక ముందే దాపున ఏదో కదులుతున్నదని చేపకు తెలిసేది దీనివల్లనే. హార్నెస్ కట్టేవారు ఈ రెండు ఇంద్రియాలనూ మనసులో ఉంచుకొనే దారం చేతికి తీసుకొంటారు.

చెంచా జారిపడిన కథ

నీటిలో మెరిసే లోహపు ముక్కను చేప వెంటాడుతుందన్న సంగతి మనిషికి ఎప్పుడు తెలిసిందో చెప్పడం కష్టం. అమెరికాలో మాత్రం ఒక కథ ప్రచారంలో ఉంది. జూలియో బ్యూల్ అనే యువకుడు వెర్మాంట్ రాష్ట్రంలోని ఒక సరస్సులో పడవ మీద కూర్చొని భోజనం చేస్తుండగా చెంచా చేజారి నీటిలో పడిందట. అది మిలమిల మెరుస్తూ మునిగిపోతుంటే ఒక పెద్ద చేప వచ్చి దానిని అందుకొన్నదట. కథలో నిజం ఎంతైనా, 1852లో బ్యూల్ లోహపు ఎరకు పేటెంటు పొందిన మాట వాస్తవం.

ఆ మెరుపు వెనుక నిజమైన ఆహారాన్ని తగిలిస్తే ఏమవుతుందన్న ఆలోచన తరువాతి తరాల వారిది. మెరుపు దూరం నుంచి పిలుస్తుంది. దగ్గరకు వచ్చిన చేపను వాసన, రుచి, మెత్తదనం ఒప్పిస్తాయి. హార్నెస్ సూత్రమంతా ఈ రెండు మాటలలో ఇమిడి ఉన్నది. 

కట్టే విధానం

దీనికి కావలసినవి ఆరు రకాల వస్తువులు: దారం, కొక్కేలు, పూసలు, రేకు, ఆ రేకును దారానికి తగిలించే చిన్న కమ్మీ, చివరకు మెలి పడకుండా తిరిగే స్వివెల్ అనే కీలు.

దారం సుమారు రెండు గజాలు తీసుకొంటారు. కట్టడం పూర్తయ్యే సరికి అది కొంత తగ్గుతుంది. ముందుగా దారం కొసన వెనుక కొక్కెం కడతారు. ఇక్కడ మామూలు ముడి పనికిరాదు. దారాన్ని కొక్కెం కాడ చుట్టూ ఏడెనిమిది సార్లు ఒత్తుగా, ఒక చుట్టు మీద మరొకటి ఎక్కకుండా చుట్టి బిగిస్తారు. దీనిని స్నెల్ ముడి అంటారు. ఇలా కడితే లాగుడు తిన్నగా కాడ వెంట పడుతుంది. ముడి బిగించే ముందు దానిని నాలుకతో తడపడం వాడుక. పొడిగా బిగిస్తే రాపిడికి వేడి పుట్టి నైలాన్ బలహీనపడుతుంది. పెద్ద చేప తగిలి దారం తెగినపుడు చాలామంది దారాన్ని నిందిస్తారు గాని, తప్పు తరచుగా ముడిదే అయి ఉంటుంది.

వెనుక కొక్కేనికి మూడు నాలుగు అంగుళాల పైన ముందు కొక్కెం కడతారు. ఈ దూరం వానపాము పొడవును బట్టి ఉంటుంది. రెండు కొక్కేలు ఎందుకంటే, వాలై ఎప్పుడూ ఎరను ఒక్క గుక్కలో మింగదు. తరచుగా తోకను పట్టి కొరుకుతుంది. ఒకే కొక్కెం తల దగ్గర ఉంటే సగం పాము తెగిపోయి, చేప విందు చేసుకొని వెళ్ళిపోతుంది.

కొక్కేల తరువాత పూసల వంతు. సాధారణంగా అయిదారు పూసలు గుచ్చుతారు. పూసలు రంగు కోసం మాత్రమే కాదు. వాటి పైన తిరిగే రేకుకు అవి బేరింగుల వంటివి. అంతేకాదు, పూసల వరస పొడవు రేకు పొడవు కంటె కొద్దిగా ఎక్కువ ఉండాలి. లేకుంటే తిరిగే రేకు వచ్చి ముందు కొక్కేనికి తగులుకొంటుంది. కొత్తగా కట్టేవారి హార్నెస్ నీటిలో మూగబోవడానికి ముఖ్య కారణం ఇదే.

పూసల పైన కమ్మీలో రేకును తగిలిస్తారు. రేకు గుంట ఉన్న వైపు దారం వైపుకు, ఉబ్బెత్తు వైపు బయటకు ఉండాలి. దాని పైన మరొక పూస, చివరకు స్వివెల్. ఇంతటితో పని పూర్తి. చేయి తిరిగినవారికి అయిదు నిమిషాలు చాలు. కట్టినవాటిని చిక్కుపడకుండా దాచడం మరొక విద్య. పిల్లలు ఈత కొలనులో ఆడుకొనే పొడవైన స్పంజి గొట్టాన్ని ముక్కలు కోసి, వాటి చుట్టూ చుట్టి భద్రపరుస్తారు.

రేకుల రకాలు

రేకు ఆకారంలో ఎంతో శాస్త్రం ఉన్నది. కొలరాడో అనే గుండ్రని రేకు దారానికి దూరంగా విచ్చుకొని తిరుగుతుంది. నెమ్మదిగా లాగినా తిరుగుతుంది, నీటిని గట్టిగా కొడుతుంది. మసక నీటిలో, రాత్రివేళ, చేప కంటితో కాక ఒంటితో వినవలసిన సమయంలో ఇది శ్రేష్ఠం. విల్లో లీఫ్ అనే సన్నని ఆకు వంటి రేకు దారానికి దగ్గరగా, వేగంగా తిరుగుతుంది. దానికి చప్పుడు తక్కువ, మెరుపు ఎక్కువ. తేటనీటికి, వేగంగా పోయే పడవకు అది తగినది. ఇండియానా అనే కోలరేకు ఈ రెండింటికీ మధ్యస్థం. చిన్న సరస్సులలో చిన్న రేకులు, విశాలమైన ఎరీ వంటి మహాసరస్సులలో పెద్ద రేకులు వాడటం ఆచారం.

రాత్రి నేల మీద పంట

ఇక ఎర సంగతి. వర్షం వెలిసిన తరువాత కాలువ గట్టున తడిమట్టి తవ్వి, కొబ్బరిచిప్పలో వానపాములు పోగుచేసిన జ్ఞాపకం మన పల్లెటూళ్ళలో పెరిగిన చాలామందికి ఉంటుంది. వాలై జాలరులు వాడేది మాత్రం జానెడు పొడవుండే పెద్ద జాతి. రాత్రివేళ నేల పైకి వచ్చి పాకుతుంది గనుక దానికి నైట్ క్రాలర్ అని పేరు.

ఈ పాములను పెంచి అమ్మడం లాభసాటి కాదు. అవి చాలా నెమ్మదిగా పెరుగుతాయి. అందువలన కెనడాలోని ఆంటారియో రాష్ట్రపు నైరుతి భాగంలో, పశువుల మేత పండే పొలాలలో, వీటిని చేతితో ఏరుతారు. నుదుటన దీపం, కాళ్ళకు కట్టుకొన్న రెండు డబ్బాలు, వంగిన నడుము: ఇదీ ఏరేవారి వేషం. ఒక డబ్బాలో పాములు వేస్తారు. రెండవ దానిలో రంపపు పొట్టు ఉంటుంది. వేళ్ళు జారకుండా మధ్యమధ్య దానిలో ముంచుకొంటారు. ఈ పనికి వచ్చేవారిలో ఎక్కువమంది వలస వచ్చినవారే. ఒకప్పుడు గ్రీకులు, ఇటాలియన్లు, పోర్చుగీసువారు, తరువాత వియత్నాం వారు. సరదాగా పడవలో కూర్చున్న మనిషి గాలానికి గుచ్చే పాము వెనుక, ఎవరో ఒకరి తెల్లవార్లూ వంగిన నడుము ఉన్నదన్న మాట.

కొనితెచ్చిన పాములను చల్లని తడి ఆకుపొడిలో, మంచుపెట్టెలో ఉంచాలి. వేడి తగిలితే అవి వాడిపోతాయి. వాడిన పాము వంద పూసల మధ్య ఉన్నా చేపకు రుచించదు. గుచ్చేటపుడు తల కొసలో ముందు కొక్కెం దించి, పామును కొద్దిగా సాగనిచ్చి, నడుము దగ్గర వెనుక కొక్కెం తగిలించి, తోకను స్వేచ్ఛగా వదలాలి. పాము నిటారుగా ఉండాలి. వంకరగా ఉంటే నీటిలో బొంగరంలా తిరిగి దారమంతా మెలి వేస్తుంది.

ఇక్కడ ఒక ప్రశ్న రాకమానదు. బతికున్న ప్రాణిని కొక్కేనికి గుచ్చడం న్యాయమా? ఐరోపాలో కొన్ని దేశాలు బతికున్న చేపను ఎరగా వాడడాన్ని నిషేధించాయి. వానపాము విషయంలో అంత పట్టింపు లేదు. అయినా ఈ ప్రశ్న తమను వదలక, మెత్తని ప్లాస్టిక్ పాములకు మారినవారు కూడా ఉన్నారు. చాలామంది జాలరులు ఒక మధ్యేమార్గం పాటిస్తారు: అవసరమైనన్ని మాత్రమే కొనడం, ఒక్కటి కూడా వృథా చేయకపోవడం.

నీటి అడుగున నడక

సరస్సు అడుగున రాళ్ళు, నాచు, మొద్దులు ఉంటాయి. హార్నెస్ వాటికి తగలకుండా, అయినా అడుగుకు దగ్గరగా సాగాలి. ఇందుకు ఒక తెలివైన సాధనం ఉన్నది. ఇంగ్లీషు ‘ఎల్’ అక్షరంలా వంచిన ఉక్కుతీగ, దాని ఒక కాలికి అతికిన గుండు. తీగ కొస అడుగును తడుముతూ గుడ్డివాని చేతికర్రలాగ నడుస్తుంది. హార్నెస్ దాని వెనుక, నేలకు కాస్త ఎత్తున తేలుతూ వస్తుంది. పది అడుగుల లోతుకు ఒక ఔన్సు బరువు అన్నది వాడుకలో ఉన్న లెక్క. పడవ గంటకు ఒకటి, ఒకటిన్నర మైళ్ళ వేగం మించదు. అంటే మనిషి షికారు నడకలో సగం.

చేప తగిలిన క్షణంలో తొందరపడేవాడు నష్టపోతాడు. మొదట తెలిసేది గట్టి లాగుడు కాదు, ఏదో బరువు చేరినట్లుండే భావన. అప్పుడు గాలపుకర్రను చేప వైపుకు కొద్దిగా వెనక్కు ఇచ్చి, పాము పూర్తిగా నోటిలోకి వెళ్ళే వ్యవధి ఇవ్వాలి. తరువాత కర్రను ఒకే ఊపున ముందుకు లాగాలి. ఇదంతా రెండు మూడు క్షణాల వ్యవహారం. కాని ఆ రెండు మూడు క్షణాలు ఓర్చుకోవడం నేర్వడానికి కొందరికి ఏళ్ళు పడుతుంది. వ్యవధి మరీ ఎక్కువ ఇస్తే మరొక ప్రమాదం ఉన్నది. అదే ఈ కథలోని అసలు ముడి.

మిల్ లాక్స్ హెచ్చరిక

బతికున్న ఎరను చేప నమ్మకంగా మింగుతుంది. నమ్మి మింగినపుడు కొక్కెం పెదవిని దాటి గొంతులోకి దిగుతుంది. అటువంటి చేపను జాలరి నీటిలోకి వదిలినా అది బతకకపోవచ్చు. నీరు వెచ్చగా ఉన్న రోజులలో ఈ నష్టం మరీ అధికం. చాలా లోతునుంచి వేగంగా పైకి లాగిన చేపకు లోపలి గాలితిత్తి ఉబ్బి ప్రాణం మీదికి వస్తుంది.

మినెసోటా మధ్యభాగంలో మిల్ లాక్స్ అనే సరస్సు ఉన్నది. వైశాల్యం 500 చదరపు కిలోమీటర్లకు పైన. వాలై వేటకు అది యాత్రాస్థలం వంటిది. అందులో చేపలు పట్టుకొనే హక్కు 1837 నాటి ఒప్పందం ప్రకారం ఒజిబ్వే ప్రజలకు ఉన్నదని అమెరికా సుప్రీంకోర్టు 1999లో తీర్పు చెప్పింది. అప్పటినుంచి రాష్ట్రమూ, ఆదివాసి తెగలూ ప్రతి ఏటా ఎన్ని చేపలు పట్టవచ్చునో లెక్కించి పంచుకొంటున్నాయి. ఆ లెక్కలో ఇంటికి తీసుకొని వెళ్ళిన చేపలే కాదు, వదిలిన తరువాత చనిపోయినట్లు అంచనా వేసిన చేపలు కూడా చేరుతాయి.

కాలక్రమంలో అక్కడ చిన్న వాలైలు పెద్దవి కాకముందే తరిగిపోసాగాయి. జీబ్రా ఆలిచిప్పల వంటి విదేశీ జీవులు చొరబడి నీరు తేటపడింది. వాతావరణం వెచ్చబడింది. 2015 ఆగస్టులో ప్రభుత్వం వాలై వేటను మధ్యలోనే ఆపివేసింది. 2016లో మరింత కఠినమైన నియమం వచ్చింది. పట్టిన ప్రతి వాలైనీ వెంటనే వదిలివేయాలి. బతికున్న ఎరను అసలు వాడరాదు. తరతరాలుగా పూసల గాలం కట్టిన ఇళ్ళలో ఆ ఏడాది వానపాముల డబ్బా తెరిచే అవసరం లేకపోయింది. తరువాతి సంవత్సరాలలో చేపలు కోలుకొన్న కొద్దీ నియమాలను క్రమంగా సడలించారు.

ఈ అనుభవం హార్నెస్ కట్టే పద్ధతినే మార్చింది. చేపకు ఇచ్చే వ్యవధిని చాలామంది కుదించుకొన్నారు. గొంతులో దిగిన కొక్కేన్ని పెరికివేయక, దారాన్ని దగ్గరగా కోసి వదిలితే చేప బతికే అవకాశం ఎక్కువని ప్రచారం జరిగింది. తినడానికి కావలసిన సంఖ్య చేరగానే ఎర మార్చడమో, ఇంటిదారి పట్టడమో మర్యాద అయింది.

డబ్బాలో మిగిలినవి, దారానికి వేలాడినవి

సాయంత్రం డబ్బాలో నాలుగు పాములు మిగిలాయనుకొందాం. ఒడ్డున చెట్ల కింద వదిలితే పుణ్యం అని మన మనసుకు తోస్తుంది. అక్కడ అది పాపం. వేల సంవత్సరాల క్రిందట మంచుయుగంలో ఆ ప్రాంతమంతా హిమానీనదాల కింద అణగిపోయినందున మినెసోటా అడవులలో స్వదేశీ వానపాములు లేవు. నైట్ క్రాలర్ ఐరోపా నుంచి వలసదారులతో వచ్చినది. మన పొలంలో రైతుకు మిత్రమైన వానపాము, రాలిన ఆకుల దుప్పటి మీద ఆధారపడి పెరిగిన ఆ అడవిలో ఆ దుప్పటినే తినివేస్తుంది. దానితో అడవిపూలు, ఫెర్న్ మొక్కలు, లేత చెట్లు నశిస్తాయి. వానపాము తనంతట తాను ఏడాదికి కొద్ది మీటర్లే వ్యాపిస్తుంది. దానిని మైళ్ళ దూరం మోసుకుపోయేది జాలరి డబ్బాయే. అందుకే మిగిలిన ఎరను చెత్తబుట్టలో వేయమని అధికారులు కోరుతున్నారు.

గుండు సంగతీ అంతే. పూర్వం అందరూ సీసమే వాడేవారు. చవక, మెత్తన, బరువు. కాని లూన్ అనే నీటిపక్షి ఆహారం అరగడానికి సరస్సు అడుగున గులకరాళ్ళు మింగుతుంది. వాటితోపాటు తెగిపడిన చిన్న సీసపు గుండు ఒక్కటి లోపలికి వెళ్ళినా చాలు, దాని ప్రాణం పోతుంది. నిశిరాత్రి సరస్సుల మీద వినవచ్చే లూన్ పిలుపు మినెసోటా వారికి ప్రాణప్రదం. అది వారి రాష్ట్రపక్షి కూడా. న్యూ హాంప్‌షైర్, మెయిన్, వెర్మాంట్ వంటి రాష్ట్రాలు చిన్న సీసపు గుండ్లను నిషేధించాయి. మినెసోటాలో ప్రచారం ద్వారా నచ్చజెబుతున్నారు. టంగ్‌స్టన్, ఉక్కు, తగరం గుండ్లు వాటి స్థానంలోకి వస్తున్నాయి. ఇంట్లో కట్టుకొనే వారికి ఈ మార్పు సులభం. ఏ గుండు వాడాలో నిర్ణయించేది వారే గదా.

చచ్చి బతికిన సరస్సు

ఈ జాగ్రత్తలన్నీ సరస్సును కాపాడగలవా అన్న సందేహం వస్తే, ఎరీ సరస్సు చరిత్ర కొంత ధైర్యమిస్తుంది. అమెరికా, కెనడాల మధ్యనున్న అయిదు మహాసరస్సులలో అది అన్నిటికంటె లోతు తక్కువది. 1960లలో కర్మాగారాల మురికి, ఊళ్ళ మురుగునీరు చేరి, ఎరీ చచ్చిపోయిందని పత్రికలు రాశాయి. దానిలో కలిసే కయహోగా నది మీద తేలే నూనెతెట్టు 1969లో అంటుకొని మండింది. 1970లో చేపలలో పాదరసం బయటపడి వాలై వ్యాపార వేట ఆగిపోయింది. అదే సరస్సులో ఒకప్పుడు పుష్కలంగా దొరికిన నీలి వాలై మరల కనిపించలేదు. 1983లో అది అంతరించినట్లు అమెరికా ప్రభుత్వం ప్రకటించింది.

అయితే 1972లో రెండు దేశాలు మహాసరస్సుల నీటి నాణ్యత గురించి ఒప్పందం చేసుకొన్నాయి. సబ్బుపొడులలో ఫాస్ఫరస్ తగ్గించారు, మురుగునీటిని శుద్ధి చేశారు, వేటకు పరిమితులు పెట్టారు. మిగిలి ఉన్న వాలై తిరిగి పుంజుకొన్నది. 2003, 2015 సంవత్సరాలలో పుట్టిన చేపపిల్లలు విశేషంగా బతికి బట్టకట్టాయి. ఒడ్డునున్న పోర్ట్ క్లింటన్ పట్టణంలో నూతన సంవత్సరపు అర్ధరాత్రి ఒక బ్రహ్మాండమైన కృత్రిమ వాలైని పైనుంచి కిందికి దించి పండుగ చేసుకొంటారు. కష్టాలు తీరిపోయాయని కాదు. పొలాల నుంచి కొట్టుకువచ్చే ఎరువుల వల్ల విషపు నాచు ఇప్పటికీ పెరుగుతున్నది. 2014 ఆగస్టులో టొలీడో నగరంలో నాలుగు లక్షలమందికి పైగా ప్రజలు కుళాయి నీరు తాగవద్దన్న హెచ్చరిక వినవలసి వచ్చింది. అయినా ఒక సరస్సును చంపిన చేతులే దానిని బతికించగలవని ఎరీ రుజువు చేసింది. రెండవ రకం వాలై మాత్రం ఆ మేలుకు నోచుకోలేదు. మనిషి మనసు మార్చుకొనే లోపలే అది వెళ్ళిపోయింది.

దారం కొసన ఉన్నది

పూసల గాలాన్ని చేపను మోసగించే సాధనంగా చూడవచ్చు. అందులో అబద్ధం లేదు. కాని దానిని స్వయంగా కట్టేవాడు ముందుగా చేపలా ఆలోచించవలసి ఉంటుంది. అది ఏ వెలుగులో చూస్తుంది, ఏ చప్పుడు వింటుంది, ఎప్పుడు ఆకలిగొంటుంది, ఎందుకు అనుమానిస్తుంది అన్నవి తెలియనివాడి చేతిలో పూసలు పూసలే. అన్నీ తెలిసినవాడికి మరొక సంగతి కూడా తెలియక తప్పదు. తన గాలానికున్న ప్రతి వస్తువూ సరస్సుతో ఏదో ఒక బాంధవ్యం కలిగినదే. కొక్కేనికి చేప గొంతుతో, పాముకు అడవితో, గుండుకు నీటిపక్షితో.

మనిషి తన చేతితో చేసుకొన్న వస్తువుకు తానే పూచీ పడతాడు. కొన్నదానిని పారవేయడం తేలిక. కట్టుకొన్నదానిని, అది వెళ్ళే చోటును, అది చేసే పనిని పట్టించుకోకుండా ఉండడం కష్టం. ఏ విద్యనైనా చేతితో నేర్చుకొన్నవారికి ఈ సంగతి తెలుసు. ఏప్రిల్ చివరకు మినెసోటా సరస్సుల మీద మంచు కరుగుతుంది. మే నెలలో వాలై వేట మొదలవుతుంది. చలికాలమంతా కట్టిన హార్నెస్‌లు స్పంజి ముక్కల నుంచి విడివడి నీటిలోకి దిగుతాయి. వాటిని కట్టినవారు ఎన్ని చేపలు పట్టారన్నది ఆ ఏటి లెక్క. ఎన్నింటిని క్షేమంగా వదిలారన్నది వచ్చే ఏటి లెక్క.